మేనేజరుగా పది నిమిషాల కోచింగ్: ఎక్కడ అడగాలి, ఎక్కడ చెప్పాలి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు పరిస్థితి ఇది. ఔషధ కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో మీకు ఇటీవలే మేనేజరుగా ప్రమోషన్ వచ్చింది. నిన్నటిదాకా పక్క బెంచీ మీద పనిచేసినవారే ఇవాళ చీటికీ మాటికీ "ఏం చేయమంటారు సార్?" అని మీ గది ముందు నిలబడుతున్నారు. కంపెనీ పెట్టించిన శిక్షణలో "సమాధానం చెప్పకండి, ప్రశ్నలు అడగండి" అని నేర్పారు, ఈ పద్ధతికే కోచింగ్ అని పేరు. తీరా అలా అడగబోతే ఒక అనలిస్టు "మీకు తెలిసి కూడా మాకు పరీక్ష పెడతారెందుకు సార్?" అన్నారు. మనవాళ్ల దగ్గర ఈ పద్ధతి అసలు పనిచేస్తుందా, పనిచేస్తే ఊపిరాడని పని మధ్యలో పది నిమిషాల్లో ఎలా చేయాలి, పైఅధికారి అడిగితే ఏం చెప్పుకోవాలి అన్నవి మీ సందేహాలు.

పనిచేస్తుంది. పది నిమిషాలు చాలు కూడా. అయితే అది నిర్ణయం నిజంగా ఎదుటివారి చేతిలో ఉన్న చోట, వారు తేల్చినది మీకు పూర్తిగా నచ్చకపోయినా మీరు ఒప్పుకోగలిగిన చోట మాత్రమే పనిచేస్తుంది. సమాధానం జేబులో పెట్టుకుని, అదే మాట ఎదుటివారి నోట పలికించాలని చుట్టూ తిప్పి అడిగితే అది వైవా అవుతుంది. మీ అనలిస్టు మాట కాస్త కటువుగా ఉన్నా, ఆయన పసిగట్టింది మాత్రం నిజమే అయి ఉంటుందని నా అనుమానం. అటువంటి చోట దాపరికం లేకుండా "ఇది ఇలా చేయండి" అని చెప్పేయడమే మర్యాద, సమయం కూడా కలిసి వస్తుంది.

నేను ఎక్కువ కాలం మాత్రలు తయారుచేసే ప్లాంట్ల నాణ్యతా విభాగాల్లోనే పనిచేశాను. తర్వాత కొత్త మేనేజర్లతో కూర్చుని ఇటువంటి సంభాషణలు సాధన చేయించడం నా పనిలో భాగమైంది. అందువల్ల ఉదాహరణలన్నీ మీకు పరిచయమైన ల్యాబ్ నుంచే ఇస్తున్నాను.

ముందుగా ఆ నిర్ణయం ఎవరిదో మీకు మీరు తేల్చుకోవాలి. మన పరిశ్రమలో చాలా నిర్ణయాలు అనలిస్టువీ కావు, మేనేజరువీ కావు. అవి ముందే కాగితం మీద రాసి ఉంటాయి. ఉదాహరణకు ఒక బ్యాచ్ పరీక్షలో ఫలితం నిర్దేశిత పరిమితి దాటి వచ్చిందనుకుందాం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. 2006లో ఇచ్చిన, 2022లో సవరించిన మార్గదర్శకాల ప్రకారమైనా, మీ కంపెనీ సొంత ఎస్.ఓ.పి. (పని ఎలా చేయాలో రాసిపెట్టిన పత్రం) ప్రకారమైనా తర్వాతి అడుగులు నిర్ణయమైపోయి ఉంటాయి: తయారుచేసిన ద్రావణాలు పారబోయకూడదు, వెంటనే సూపర్‌వైజరుకు తెలపాలి, ల్యాబ్‌లో పొరపాటు జరిగిందా లేదా అన్నది ముందు పరిశీలించాలి, ఫలితం నచ్చలేదని పాస్ అయ్యేదాకా మళ్లీ మళ్లీ పరీక్ష చేయకూడదు. ఇటువంటి సమయంలో కంగారుగా వచ్చిన అనలిస్టును కూర్చోబెట్టి "నీ దృష్టిలో మన ముందున్న మార్గాలేమిటి?" అని అడగడం అనవసరం, ప్రమాదకరం కూడా. ఆ ప్రశ్న వినగానే శాంపిల్‌ను పరికరంలోకి మళ్లీ ఇంజెక్ట్ చేసి చూడడం కూడా ఒక మార్గమేనేమో అని ఆ కుర్రవాడికి తోచిందంటే, ఆ తలుపు మీరే తెరిచినట్టవుతుంది. భద్రతకు సంబంధించిన విషయాలూ అంతే. ద్రావకం ఒలికినప్పుడు ఆదేశమే ఇవ్వాలి.

అదే దర్యాప్తులో మరొక కోణం ఉంది, అది చాలామంది గమనించరు. ఏం చేయాలన్నది నిర్ణయమైపోయినా, ఏం జరిగిందో తెలుసుకోవడానికి అనలిస్టుతో మాట్లాడక తప్పదు; ఆ సంభాషణకు కోచింగ్‌లో వాడే చెవులే కావాలి. "సోనికేషన్ టైమ్ (ధ్వని తరంగాలతో శాంపిల్‌ను కరిగించే సమయం) సరిగ్గా ఇవ్వలేదు కదా?" అని అడిగిన మేనేజరుకు "అవును సార్, అదే అయి ఉంటుంది" అన్న జవాబు దొరుకుతుంది, ఎందుకంటే ఎదుటివారికి ఆ గదిలోంచి బయటపడడమే ముఖ్యం. "శాంపిల్ మీ చేతికి వచ్చినప్పటి నుంచి వరుసగా చెప్పండి, నేను వింటాను" అన్నవారికి మాత్రం ఫ్లాస్కు మార్క్ దాకా నింపే సమయానికి ఇంకా వెచ్చగా ఉందన్న సంగతి దానంతట అదే బయటికి రావచ్చు. "మానవ తప్పిదం, తిరిగి శిక్షణ ఇవ్వడమైనది" అని ముగిసే దర్యాప్తు నివేదికలు మన ల్యాబుల్లో గుట్టలుగా పేరుకోవడానికి వినడం రాకపోవడం ఒక పెద్ద కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

అడగకూడని రెండో చోటు కొత్తగా చేరినవారు. ఎం.ఎస్సీ. పూర్తి చేసి గత నెలలో చేరిన అమ్మాయికి పరికరం గీసే గ్రాఫులో అడుగు గీత (బేస్‌లైన్) ఎందుకు కదులుతోందో తెలియకపోతే, ఆమె లోపల దాగి ఉన్న సమాధానం ఏదీ లేదు. అక్కడ నేర్పాలి, పక్కన నిలబడి కాలమ్ సమతుల్యమయ్యేదాకా ఎంతసేపు ఆగాలో, పంపులో గాలి బుడగ ఉంటే పీడనం ఎలా ఊగుతుందో చూపించాలి. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పమని ప్రశ్నలతో తరమడం ఒక రకంగా అవమానించడమే.

ఈ రెండూ తీసేస్తే ఇంకేం మిగిలిందని మీకు అనిపించవచ్చు. నిజానికి మీ గది ముందు నిలబడే వరుసలో సగానికి పైగా మిగిలినవే: పని పంపకం, పేరుకుపోయిన శాంపిళ్లు, ప్రొడక్షన్ వాళ్లతో రోజూ వచ్చే తగవు, షిఫ్టు అప్పగింతలో ఇద్దరి మధ్య మాటల్లేకపోవడం, ఆడిట్‌లో ఎదుటివారి ముందు మాట తడబడడం, వెళ్లిపోవాలా ఉండాలా అన్న ఊగిసలాట. వీటిలో దేనికీ ఎస్.ఓ.పి. ఉండదు, పైగా ఆ మనిషికి తెలిసినంత వివరంగా మీకు తెలియదు.

పద్ధతి పుట్టుక గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మీ శిక్షణలో చూపించిన నాలుగు గడుల చార్టును పట్టుకుని చాలామంది తడబడుతున్నారు. సలహా ఇవ్వకుండా ఎదుటివారి ఆలోచనకు దారి ఇవ్వాలన్న వాదనను కార్ల్ రోజర్స్ 1942లో మానసిక చికిత్స రంగంలో స్పష్టంగా ముందుకు తెచ్చారు. 1974లో టిమోతీ గాల్వే టెన్నిస్ కోర్టు మీద దాదాపు అదే విషయాన్ని చూపారు: రాకెట్ ఇలా పట్టు, మోకాలు వంచు అని అరిచేకంటే బంతి మీద గమనం నిలిపేలా చేస్తే ఆటగాడు తానే సరిదిద్దుకుంటాడని. అక్కడి నుంచి అది ఆఫీసుల్లోకి వచ్చింది. లక్ష్యం, ప్రస్తుత స్థితి, మార్గాలు, చేయబోయే పని అన్న నాలుగు మెట్ల 'గ్రో' నమూనాను 1992లో జాన్ విట్‌మోర్ బాగా ప్రచారంలోకి తెచ్చారు. నమూనాలో తప్పేమీ లేదు. కానీ శిక్షణ ముగించుకుని వచ్చినవారు మూడో మెట్టు మీదికి, అంటే "మార్గాలేమిటి?" అన్న ప్రశ్నకు, రెండో నిమిషంలోనే దూకేస్తారు. నా అనుభవంలో పది నిమిషాలుంటే అందులో ఆరేడు నిమిషాలు ప్రస్తుత స్థితి మీదే గడవాలి. నిన్న నిజంగా ఏం జరిగిందో ఎదుటివారు తన నోటితో తాను చెప్పుకుంటే, మార్గం చాలాసార్లు అడగకుండానే వస్తుంది.

ఒక సంభాషణను దాదాపు ఉన్నదున్నట్టు ఇస్తున్నాను. నేను పక్కన కూర్చుని విన్నది. మేనేజరు కొత్తవారు, వచ్చినది ముడి పదార్థాల పరీక్షలు చూసే సీనియర్ అనలిస్టు.

"సార్, ఈ వారం కూడా శాంపిళ్లు నిలిచిపోయేలా ఉన్నాయి. ఇంకొక మనిషిని ఇస్తే గానీ కాదు."

"కూర్చోండి. నాకు పది నిమిషాలున్నాయి. ఒక మాట ముందే చెబుతాను, ఈ నెలలో మనిషిని ఇవ్వలేను, అది నా చేతిలో లేదు. అది కాకుండా, ఏ ఒక్కటి తేలితే మీకు కాస్త ఊపిరాడుతుంది?"

అనలిస్టు కాసేపు మాట్లాడలేదు. "సాయంత్రం నాలుగు దాటాక వచ్చే శాంపిళ్లు సార్. అవి వచ్చాయంటే ఆ రోజు ప్లాన్ పోయినట్టే."

"నిన్న ఏమైంది?"

"నిన్న నాలుగున్నరకు స్టోర్స్ నుంచి ఫోన్ వచ్చింది, మూడు శాంపిళ్లు, అర్జెంటు అన్నారు. కార్ల్ ఫిషర్ తేమ పరీక్ష దగ్గర ఉన్న అబ్బాయిని ఆపి దీని మీద వేశాను. వాడి పని సగంలో ఆగింది, ఇదీ పూర్తి కాలేదు. ఇవాళ పొద్దున రెండూ మిగిలాయి."

"అర్జెంటు అంటే, ఎప్పటికి కావాలన్నారు?"

ఈసారి మౌనం చాలాసేపు సాగింది. మేనేజరు చేయి పెన్ను మీదికి వెళ్లింది గాని, మాట రానివ్వలేదు. "అడగలేదు సార్. ఏ బ్యాచ్‌కో కూడా అడగలేదు. వాళ్లు అర్జెంటు అంటే మేము మొదలుపెట్టేస్తాం."

"ఊఁ."

"అడిగి ఉంటే మూడింటిలో ఒకటే అర్జెంటు అయ్యుండేది. డిస్పెన్సింగ్, అంటే బ్యాచ్‌కు తూచి ఇచ్చేది ఎప్పుడో రాసి పంపమనాలి వాళ్లని."

"ఏం చేద్దామనుకుంటున్నారు?"

"రేపు పొద్దున ప్లానింగ్‌లో మాట్లాడతాను. తేదీ లేకుండా వస్తే ఆ రోజు మొదలుపెట్టబోమని చెబుతాను. ఒప్పుకోకపోతే మీరు ఒక మెయిల్ పెట్టాలి సార్."

"మీరు మాట్లాడి వచ్చాక అవసరమైతే పెడతాను. ఎప్పుడు చెబుతారు నాకు?"

"ఎల్లుండి, మధ్యాహ్నం షిఫ్టు మారే ముందు."

ఎనిమిది నిమిషాలు కూడా పట్టలేదు. ఇందులో కొన్ని విషయాలు గమనించండి. తన చేతిలో లేనిదాన్ని మేనేజరు మొదటే చెప్పేశారు. సలహా ఇవ్వకపోవడమంటే సమాచారం దాచడమని అర్థం కాదు, ఇవ్వలేని మనిషి గురించి పది నిమిషాలు మాట్లాడనివ్వడం క్రూరత్వం. "అర్జెంటు అంటే ఎప్పటికి?" అన్న ప్రశ్న ఆయన తయారుచేసుకుని వచ్చినది కాదు, అనలిస్టు వాడిన మాటలోంచే తీసుకున్నది. నిజానికి ల్యాబ్‌లోని పని పంపకమే సరిగ్గా లేదని ఆ మేనేజరు ముందు అనుకున్నారట, తర్వాత నాతో చెప్పారు. ఆ అభిప్రాయంతోనే సలహా మొదలుపెట్టి ఉంటే కార్ల్ ఫిషర్ దగ్గరి కుర్రవాడి డ్యూటీ మారేది, స్టోర్స్ ఫోన్లు మాత్రం అలాగే వస్తూ ఉండేవి. చివరగా, మెయిల్ పెట్టే పనిని ఆయన అక్కడికక్కడ తన నెత్తికెత్తుకోలేదు. కొత్త మేనేజర్లు సంభాషణంతా చక్కగా నడిపి ఆఖరి అర నిమిషంలో "సరే, నేను మాట్లాడతాలే" అనేస్తారు. దానితో వచ్చినవారు ఖాళీ చేతులతో, తేలిక గుండెతో వెళ్లిపోతారు. పని మీ టేబుల్ మీద మిగులుతుంది.

ఈ పద్ధతిలో అసలు కష్టం మౌనమే. ప్రశ్నలు ఎవరైనా నేర్చుకోగలరు. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదులను పరిశీలించి, ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, దాన్ని 3 సెకన్లకు పైగా పెంచితే జవాబుల నిడివీ నాణ్యతా పెరిగి, "తెలియదు" అనడం తగ్గిందని చూపారు. 3 సెకన్లంటే చదవడానికి తక్కువే. మీ గదిలో, మీ కింద పనిచేసే మనిషి ఎదురుగా తల వంచుకుని కూర్చున్నప్పుడు ఆగి చూడండి, ఎంత పొడుగో తెలుస్తుంది. ఆ ఖాళీని నింపాలని మనకు నోరు ఆగదు. మొదటి ప్రశ్నకు జవాబు రాకముందే రెండోది, దాని వెంట ఒక ఉదాహరణ, ఆ తర్వాత "అంటే నా ఉద్దేశం ఏమిటంటే" అని ఉపన్యాసం. నేను సాధన చేయించేటప్పుడు ఒకటే నియమం పెడతాను: అడిగాక ఎదుటివారి కళ్లు కిందికో పక్కకో తిరిగి ఉన్నంతసేపు వారు ఆలోచిస్తున్నారని అర్థం, మీరు మాట్లాడకూడదు. కళ్లు మళ్లీ మీ వైపు తిరిగితే అప్పుడు చూసుకోవచ్చు.

ప్రశ్న స్వరం గురించి ఒక్క మాట. "ఎందుకు చేశావు?" అన్నది మన ఆఫీసుల్లో సంజాయిషీ అడిగినట్టే వినిపిస్తుంది, ముఖ్యంగా మెమో సంస్కృతి ఉన్న చోట. "అప్పుడు ఏం చూసి అలా అనుకున్నారు?" అంటే అదే సమాచారం వస్తుంది, వాదన మాత్రం రాదు.

ఇక మీరు అడిగిన అసలు చిక్కు: మనవాళ్లు "మీరే చెప్పండి సార్" అంటారు కదా. అంటారు. దాన్ని సోమరితనం అనుకోవద్దు. చిన్నప్పటి నుంచి బడిలో, ఇంట్లో, మొదటి ఉద్యోగంలో పెద్దవారు అడిగే ప్రశ్నకు ఒకే ఒక సరైన జవాబు ఉంటుందని, అది తప్పితే చివాట్లు తప్పవని నేర్చుకున్న మనిషి మీ ప్రశ్నను కూడా అలాగే వింటారు. పట్నాలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త జె.బి.పి. సిన్హా 1980లో మన దేశపు సంస్థలను పరిశీలించి ఇదే విషయాన్ని పట్టించుకున్నారు. ఇక్కడి ఉద్యోగి పైఅధికారి నుంచి ఆదరణనూ, స్పష్టమైన దిశనూ ఆశిస్తారని, కాబట్టి ముందు ఆ రెండూ ఇచ్చి, పని మీద పట్టు వచ్చేకొద్దీ క్రమంగా నిర్ణయాన్ని వారికి వదిలే నాయకుడే ఇక్కడ నెగ్గుతారని ఆయన వాదించారు. మీ శిక్షణలో ఈ క్రమం గురించి చెప్పి ఉండరు. నేరుగా చివరి మెట్టు మీద నిలబెట్టి ప్రశ్నలు వేయమన్నారు, అందుకే తేడా కొట్టింది.

"మనవాళ్లకు చెబితే గానీ చేయరు" అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. 1964లో హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్‌క్లెలాండ్ బృందం కాకినాడ చిన్న వ్యాపారులను హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్‌కు రప్పించి శిక్షణ ఇచ్చింది. ఏ వ్యాపారం చేయాలో చెప్పకుండా, తమ లక్ష్యాలను తామే నిర్ణయించుకునేలా, తమ గురించి తాము ఆలోచించుకునేలా ఆ కార్యక్రమం నడిచింది. తర్వాతి కాలంలో శిక్షణకు వెళ్లనివారితో పోలిస్తే వీరిలో వ్యాపారం విస్తరించడం, పెట్టుబడి పెట్టడం, కొత్తవారికి పని ఇవ్వడం ఎక్కువగా కనిపించింది. సంప్రదాయ విశ్వాసాలు దీనికి అడ్డు రాలేదని కూడా వారు తేల్చారు. అది పది నిమిషాల సంభాషణ కాదు, ఉద్యోగులూ కాదు. ఆ తేడా ఉంది. కానీ గోదావరి జిల్లాల మనుషులు ఎవరో చెబితే తప్ప కదలరన్న వాదనకు అది మంచి జవాబు.

ఆచరణలో "మీరే చెప్పండి" అన్నప్పుడు నేను సూచించేది ఇది. మళ్లీ అదే ప్రశ్న వేయకండి, అది మొండితనంలా ఉంటుంది. "నాకు తోచినవి రెండు చెప్పనా?" అని అడిగి, నిజంగా వేరువేరైన రెండు దారులు చెప్పి, "ఇందులో మీ బెంచీ దగ్గర ఏది నడుస్తుంది, ఏది నడవదు?" అని తిరిగి వారికే వదలండి. వ్యసనాలున్న రోగులతో మాట్లాడే వైద్యులు ఈ 'అడుగు, చెప్పు, మళ్లీ అడుగు' క్రమాన్ని ఎప్పటినుంచో వాడుతున్నారు. నేను చూసినంతలో మనవారు ఖాళీ కాగితం మీద రాయడానికి జంకుతారు గాని, ఎదుట పెట్టినదానిలో తప్పులు పట్టడానికి అస్సలు జంకరు. "రెండోది కుదరదు సార్, ఎందుకంటే..." అని మొదలుపెట్టారంటే సంభాషణ వారి చేతికి వెళ్లినట్టే. కొన్నాళ్లు పోయాక వారే రెండు దారులు ఆలోచించుకుని వస్తారు, ఎందుకంటే మీరు ఏం అడుగుతారో వారికి తెలిసిపోతుంది.

మీ పాత బెంచీ స్నేహితుల విషయంలో ఇంకొక మెలిక ఉంది. మీకు ఆ పని వారికన్నా బాగా తెలుసని వారికీ తెలుసు. అక్కడ తెలియనట్టు నటిస్తే దొరికిపోతారు. "దీనిలో నా అభిప్రాయం నాకుంది. కానీ ఈ షిఫ్టు మీది, మీరు అనుకున్నది ముందు వింటాను, మరీ తేడాగా అనిపిస్తే దాచకుండా చెబుతాను" అని ముందే అనేయండి. నిజాయితీగా అన్న ఈ రెండు వాక్యాలు తెలివైన పది ప్రశ్నలకంటే ఎక్కువ పనిచేస్తాయి. ఆ తర్వాత వారు చెప్పిన దారి మీ దారికన్నా కాస్త తక్కువదైనా, నష్టం లేనిదైతే, దాన్నే నడవనివ్వాలి. ఒక్కసారి విని, మెచ్చుకుని, చివరకు మీదే అమలు చేయించారంటే ఇక ఆ మనిషి మీ ప్రశ్నకు నిజమైన జవాబు ఇవ్వరు.

కోచింగ్ అక్కడితో ఆపేయాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి, వీటిలో సందిగ్ధం పనికిరాదు. ఆలస్యాల గురించి మాట్లాడుతుండగా ఒక ఉద్యోగిని, ఫలానా వ్యక్తి ప్రవర్తన వల్ల ఆ షిఫ్టుకు రావాలంటే భయమని చెప్పారనుకోండి. "మీరేం చేయాలనుకుంటున్నారు?" అని తిప్పి అడిగి, ఆమె ఏమీ వద్దంటే మీరూ ఊరుకుంటే సరిపోదు. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం ప్రకారం 10 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన 3 నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, తగిన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలలు పొడిగించగలదు. ఈ సంగతులు ఆమెకు అప్పుడే, స్పష్టంగా చెప్పాలి, కమిటీ దగ్గరకు వెళ్లడానికి తోడ్పడాలి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు, ఎందుకంటే ఆ మాట నిలబెట్టుకోలేకపోవచ్చు. అలాగే నిద్ర లేదని, బతకాలని లేదని ఎవరైనా అంటే మీరు చికిత్సకులు కారు. పక్కన కూర్చోండి, ఇంట్లోవారికో వైద్యుడికో చేరేదాకా ఒంటరిగా వదలకండి. 2022లో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ సహాయ సంఖ్య 14416 తెలుగులోనూ పనిచేస్తుంది, దాన్ని మీ ఫోన్‌లో ఉంచుకోండి.

అప్రైజల్ నెలలో కూడా ఈ సంభాషణలు తగ్గించండి. రేటింగ్ ఇవ్వబోయే మనిషి ముందు తన తడబాటును ఎవరూ విప్పి చెప్పుకోరు, చెప్పుకోవాలని ఆశించడం కూడా తప్పే. 1970ల మధ్యలో ఆచార్యులు ఉదయ్ పరీక్, టి.వి. రావు గార్లు లార్సెన్ అండ్ టూబ్రోకు హెచ్.ఆర్.డి. (మానవ వనరుల అభివృద్ధి) వ్యవస్థను రూపొందించినప్పుడు, పనితీరు అంచనాతోపాటు పైఅధికారి చేసే కౌన్సెలింగ్‌నూ అందులో చేర్చారు. అంటే ఈ ఆలోచన మన కంపెనీలకు నిన్న మొన్న దిగుమతి అయినదేమీ కాదు. అయితే చాలా చోట్ల ఆ కౌన్సెలింగ్ అనేది ఫారంలో ఒక గడిగా, సంవత్సరానికి ఒకసారి చేసే సంతకంగా మిగిలిపోయింది. మీరు దాన్ని మిగతా పదకొండు నెలల్లోకి తీసుకువస్తే చాలు.

సమయం, స్థలం గురించి పెద్దగా చెప్పాల్సిందేమీ లేదు. అద్దాల క్యాబిన్‌లో కూర్చోబెడితే బయటివారంతా "ఏదో అయింది" అనుకుంటారు. క్యాంటీన్‌కు నడిచేటప్పుడు, బస్సు కోసం ఎదురుచూసేటప్పుడు పక్కపక్కన నడుస్తూ మాట్లాడితే మాట తేలిగ్గా వస్తుంది. ల్యాబ్ లోపల, పరికరం ముందు, నలుగురు వింటుండగా వద్దు. పది నిమిషాలు లేకపోతే లేవని చెప్పండి: "ఇప్పుడు రెండు నిమిషాలే ఉన్నాయి, ఇది మూడింటికి మాట్లాడుదాం." చేతి గడియారం చూస్తూ సగం చెవితో వినడం కంటే అది ఎంతో మేలు.

తర్వాత ఏమైందో చూడడం మాత్రం మరిచిపోకండి. టయోటా పద్ధతులను అధ్యయనం చేసి మైక్ రోదర్ 2009లో వివరించిన రోజువారీ కోచింగ్ ప్రశ్నలు ఐదే: ఎక్కడికి చేరాలి; ఇప్పుడు ఎక్కడున్నాం; ఏ అడ్డంకులున్నాయి, వాటిలో ఇప్పుడు దేని మీద పనిచేస్తున్నావు; తర్వాతి అడుగు ఏమిటి, దాని నుంచి ఏం ఆశిస్తున్నావు; దాని నుంచి ఏం నేర్చుకున్నామో ఎప్పుడు వెళ్లి చూడవచ్చు. ఆఖరిది నాకు అన్నింటికన్నా ఇష్టం. అది "అయిందా?" అని నిలదీయదు, ఇద్దరూ వెళ్లి చూడడానికి ఒక సమయం పెడుతుంది. పైన చెప్పిన సీనియర్ అనలిస్టు తాను చెప్పిన రోజు మధ్యాహ్నమే వచ్చారు. ప్లానింగ్ వాళ్లు సగమే ఒప్పుకున్నారు, దిగుమతి అయ్యే పదార్థాలకు తేదీ ముందే చెప్పలేమన్నారు. రెండో సంభాషణ ఆ సగం మీద జరిగింది, ఇంకా చిన్నది. అప్పుడు మేనేజరు మెయిల్ కూడా పెట్టారు.

చివరిగా మీ పైఅధికారి సంగతి. ఆయన మీ ముందున్న మేనేజరును ఏది అడిగినా టక్కున చెప్పేవాడని గుర్తు చేస్తారు; మీరు "మా అనలిస్టు చూస్తున్నారు" అంటే మీకు పట్టు లేదనుకుంటారు. ఆయనకు కోచింగ్ గురించి వివరించే ప్రయత్నం చేయకండి, అది సాకులా వినిపిస్తుంది. ఏ విషయం ఎవరి చేతిలో ఉంది, వారు ఏమనుకుంటున్నారు, మీరు తిరిగి ఎప్పుడు చూస్తారు అన్న మూడు ముక్కలను ప్రతి సంభాషణ తర్వాత మీ డైరీలో ఒక వరుసగా రాసుకోండి. అది మీ సొంత డైరీలోనే ఉండాలి. ల్యాబ్ రికార్డుల్లోకి, విడి కాగితాల మీదికి వెళ్లకూడదు, పరీక్షా ఫలితాలేవీ అందులో రాయకూడదు. పైఅధికారి అడిగినప్పుడు "సాయంత్రం శాంపిళ్ల విషయం ఫలానావారు ప్లానింగ్‌తో మాట్లాడుతున్నారు సార్, గురువారం మధ్యాహ్నానికి నాకు చెబుతారు, మీకు సాయంత్రానికి చెబుతాను" అనండి. తేదీతో వచ్చే జవాబును ఏ ప్లాంటు హెడ్డూ పెద్దగా ఆక్షేపించరు. ఒకవేళ నేరుగా ఆ అనలిస్టునే పిలిచి అడుగుతానంటే అడ్డుకోకండి. అనలిస్టు తానే ఆలోచించుకుని కుదుర్చుకున్న పని కాబట్టి మీకన్నా వివరంగా చెప్పగలరు.